పరుగు, ఉరుకు, పారు - మా దివిసీమలో వేగం మాటలు

మొన్నామధ్య మా టీంలో ఒక సరదా మొదలైంది. రెండు వారాలకొక స్ప్రింటు చేస్తాం కదా, వాటికి ఊరికే 41, 42 అని నంబర్లేంటి, పేర్లు పెడదాం అన్నారెవరో. ఇంకెవరో తుఫాన్ల పేర్లు పెడదాం అన్నారు. స్పీడుగా ఉంటుంది, మనం డెలివరీ చేసే తీరుకి సరిపోతుంది అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి సీట్లోకొచ్చి కూర్చున్నాక ఎందుకో కడుపులో తిప్పినట్టయింది.

మాది గుడివాడ. అమ్మ వాళ్ళది దివిసీమ, నాగాయలంక దాటాక ఒక చిన్న పల్లె. ఇంత చెప్పాక మీలో చాలామందికి 1977 గుర్తొచ్చే ఉంటుంది. నేను పుట్టడానికి ఇరవయ్యేళ్ళ ముందు సంగతి. అయినా మా ఇంట్లో కాలాన్ని కొలిచేది దానితోనే. "ఉప్పెనకి ముందు", "ఉప్పెన తరవాత". క్రీస్తు పూర్వం, క్రీస్తు శకం లాగన్నమాట.

సరే, టీంకి ఒక మెయిల్ రాద్దామనుకున్నాను. గొడవ పెట్టుకోవడానికి కాదు, ఒక్క పేరా. మా అమ్మమ్మ ఆ రోజు ఏం చేసిందో ఒక్క వాక్యంలో చెప్తే చాలు, మిగతాది వాళ్ళకే అర్థమవుతుందనుకున్నాను. అక్కడే చిక్కొచ్చింది. ఇంగ్లీషులో క్రియ దొరకలేదు.

దొరక్కపోవడమేంటి, జీఆర్ఈకి చదివిన రోజుల్లో కార్డుల మీద రాసుకుని బట్టీ కొట్టాను గదా. రన్, రష్, డాష్, బోల్ట్, ఫ్లీ, స్కాంపర్, స్కర్రీ, హేసన్... త్వరగా కదలడానికి ఇంగ్లీషువాడి దగ్గర ఒక బజారే ఉంది. 'రన్' అనే ఒక్క క్రియ కిందే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ళు 645 అర్థాలు తేల్చారని 2011లో వార్తలొచ్చాయి. ప్రోగ్రాం రన్నవుతుంది, ముక్కు రన్నవుతుంది, ఎన్నికల్లో మనిషి రన్నవుతాడు. ఇన్నున్నా మా అమ్మమ్మకి సరిపోయేది ఒక్కటీ దొరకలేదు. ఎందుకా అని తవ్వుకుంటూ పోయాను. ఈ టపా ఆ తవ్వకం.

ముందు ఇంగ్లీషు వైపు చూద్దాం. ఈ క్రియలన్నీ పుట్టుకతోనే వేగం మాటలు కావు. 'డాష్' అంటే మొదట కొట్టడం, బద్దలయ్యేట్టు విసరడం. 'రష్' ఫ్రెంచి నించి వచ్చింది, మొదట్లో ఎదుటివాణ్ణి వెనక్కి తోసెయ్యడం. 'బోల్ట్' అడ్డవిల్లు నించి వదిలే పొట్టి బాణం. 'ఎస్కేప్' ఇంకా బాగుంటుంది. లాటిన్లో 'కప్పా' అంటే పైన కప్పుకునే అంగీ. పట్టుకున్నవాడి చేతిలో అంగీ వదిలేసి జారుకోవడమే ఎస్కేప్. 'స్ప్రింట్' స్కాండినేవియా వైపు నించి వచ్చిన మాట. దగ్గరి దూరం పూర్తి వేగంతో పరిగెత్తడం అనే అర్థం దానికి 19వ శతాబ్దంలోనే స్థిరపడింది. మన సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చింది నిన్న గాక మొన్న. జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ 1995లో స్క్రమ్ పద్ధతి గురించి పేపరు చదివాక మెల్లగా పాకింది. స్ప్రింటు అన్నాక ఆగి ఊపిరి పీల్చుకోవాలి. మనం ఒకటి అయిన మర్నాడే ఇంకోటి మొదలెడతాం. దాన్ని స్ప్రింటనరు, మారథాన్ అంటారు. సరే, అది వేరే ఏడుపు :)

మన రోజువారీ మాటల్లోనూ పరుగు దాక్కుని ఉంది. లాటిన్లో 'కుర్రెరె' అంటే పరిగెత్తడం. 'కర్సర్' అంటే పరిగెత్తేవాడు, వార్తాహరుడు. మన స్క్రీను మీద మిణుకుమిణుకుమంటూ నిలబడి ఉండేది నిజానికి ఒక బంట్రోతు. కరెంటు, కొరియరు, కరికులం అన్నీ వాడి చుట్టాలే. ఇక 'కెరీర్' ఉంది చూశారూ, అది మొదట పందెపు దారి. ఇంగ్లీషులో ఇప్పటికీ క్రియగా వాడితే అదుపు తప్పి దూసుకుపోవడమని అర్థం. అప్రైజల్ సీజన్లో ఈ సంగతి తెలిసి కాస్త ఓదార్పుగా అనిపించింది.

ఇప్పుడు మన వైపు. తెలుగులో ఇన్ని క్రియలు లేవు కదా అనిపిస్తుంది మొదట్లో. పరిగెత్తు, ఉరుకు, లగెత్తు, దౌడు తీయి, ఉడాయించు... వేళ్ళ మీద లెక్కపెట్టెయ్యొచ్చు. కానీ మనవాళ్ళు క్రియల సంఖ్య పెంచరు, ఉన్న క్రియ ముందు ఒక చప్పుడు పెడతారు. గబగబా నడిచాడు, తుర్రుమని పోయాడు, రివ్వున వెళ్ళింది, చెంగుచెంగున గెంతింది, బిలబిలా వచ్చారు, సర్రున జారింది. తుర్రుమన్నవాడు చిన్నవాడని, బిలబిలా వచ్చినవాళ్ళు చాలామందని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ముర్రే ఎమెనో అనే భాషాశాస్త్రజ్ఞుడు 1969లో దీని మీదే పెద్ద వ్యాసం రాశాడు. ద్రావిడ భాషలూ ఉత్తరాది భాషలూ కుటుంబాలు వేరైనా ఇలాంటి ధ్వని మాటలు పంచుకున్నాయని ఆయన చూపించాడు. ఇంగ్లీషు వాడికి స్కాంపర్, స్కర్రీ రెండు క్రియలు. మనకి ఒకే క్రియ, రెండు చప్పుళ్ళు.

అరువు మాటలకి మా బందరే పెద్ద గుమ్మం. అసలు బందరు అన్న పేరే పారశీకం, రేవు అని అర్థం. గోలకొండ సుల్తానులకి ముఖ్యమైన రేవు మచిలీపట్నం. డచ్చివాళ్ళు 17వ శతాబ్దం మొదట్లోనే వచ్చి కొట్టు పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు దిగారు. రేవులో దిగిన సరుకు కన్నా ఎక్కిన అద్దకం బట్టల పేరే ఎక్కువ మోగింది గానీ, సరుకుతో పాటు మాటలూ దిగాయి. జోరు పారశీకం. దౌడు, ఉడాయించు హిందుస్తానీ. తుఫాను అరబ్బీ. అంటే మమ్మల్ని చంపేదాని పేరు కూడా ఓడెక్కి వచ్చిందే.

ఆ రోజుల్లో బందరులో వేగం అంటే మనిషి కాళ్ళే. ఇక్కడి కంపెనీ కొట్టుకీ, అవతల పడమటి తీరంలో సూరత్ కొట్టుకీ మధ్య ఉత్తరాలు నేల మీద కాలినడకన పోయేవి. మోసుకెళ్ళేవాళ్ళని పట్టమార్లు అనేవారు. హర్కారా అన్నా ఆ వృత్తిలోవాడే. ఒకడు కొంతదూరం పరిగెత్తి ఇంకొకడికి అందిస్తే అంచె. టపా అన్నది కూడా ఈ అంచె ఉత్తరాల లోకంలోదే. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని నేను రాస్తున్నదాన్ని టపా అంటున్నాను గానీ, దాని అసలు సొంతదారు ఎండలో కాళ్ళు కాల్చుకుంటూ పరిగెత్తినవాడు.

ఈ మాటలన్నీ ఒకచోట పోగేసినవాళ్ళలో సి.పి. బ్రౌన్ పేరు చెప్పకుండా ఎలా? 1817లో మద్రాసులో దిగాడు, కడపలో పనిచేశాక 1820లలో బందరులోనూ ఉద్యోగం చేశాడు. 1852లో ఆయన తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. కావ్యభాషతో పాటు కచేరీల్లో, బజార్లో జనం మాట్లాడే మాటలు కూడా చేర్చాడు. 1854లో తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకి ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువే వేశాడు. తెలుగు పాడైపోతోందని బాధపడేవాళ్ళు అప్పుడూ ఉండే ఉంటారు. ఆయన మాత్రం బాధపడకుండా రాసుకుంటూ పోయాడు.

నేను వెతుకుతున్నది ఆ నిఘంటువులోనే తగిలింది. 'పాఱు'. పాత బండి ఱ తో. దానికి రెండు అర్థాలు. మనిషికైతే పరిగెత్తి తప్పించుకోవడం, నీళ్ళకైతే ప్రవహించడం.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. దొంగ పారిపోయాడు అంటాం. కాలవ పారుతోంది అంటాం. నీటిపారుదల శాఖ అంటాం. పారాడే పిల్ల అంటాం. ఇన్నేళ్ళుగా వాడుతూ ఇవన్నీ ఒకే మాట అని నాకు తట్టలేదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యి, బందరు కాలవ, మిగతా కాలవలు నీళ్ళు తెచ్చాక మా ప్రాంతానికి 'పారడం' అంటే అన్నం. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది, ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. అక్కడ నీళ్ళు పారితేనే మనుషులు నిలుస్తారు, పారకపోతే మనుషులే పారిపోవాలి. ఈ రెండింటికీ ఒకటే క్రియ ఉండటం యాదృచ్ఛికమో కాదో నేను చెప్పలేను గానీ, ఆ నేల మీద పుట్టినవాడికి వింతగా మాత్రం అనిపించదు.

ఇది తెలుగుకే ప్రత్యేకం అనుకునేరు. ఇంగ్లీషు 'రన్' కూడా మూలంలో ప్రవాహమే. యూరపులో రైన్ నది పేరూ ఆ వేరు నించే వచ్చిందంటారు. సంస్కృతంలో 'ద్రు' ధాతువుకి పరిగెత్తడం, ప్రవహించడం రెండూ అర్థాలు. అందులోంచే ద్రవం వచ్చింది. దానికి 'ఉప' తగిలిస్తే ఉపద్రవం. అంటే మన మీదకి పరిగెత్తుకొచ్చేది!

ఇది చదివి కాసేపు స్క్రీను మూసేశాను. మా వాళ్ళ మీదకి పరిగెత్తుకొచ్చినవి రెండు. మొదటిది 1864 నవంబరు 1 రాత్రి. బందరు మీద ఉప్పెన విరుచుకుపడి సుమారు 30,000 మంది పోయారు. రెండోది 1977 నవంబరు 19, శనివారం. గాలి గంటకి 200 కిలోమీటర్ల పైమాట. సముద్రం ఐదు మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళ మీదకి వచ్చింది. పాలకాయతిప్ప, హంసలదీవి, సొర్లగొంది... ఈ పేర్లు మా వైపు ఎవరి దగ్గరన్నా పలికి చూడండి, రెండు క్షణాలు మాట్లాడరు. ప్రభుత్వం లెక్కే సుమారు పదివేలు. మావాళ్ళు ఆ లెక్కని నమ్మరు, అంతకన్నా చాలా ఎక్కువంటారు. ఆ తుఫానుకి పేరు లేదు. మన సముద్రాల్లో తుఫాన్లకి పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. అంటే మా టీం వెతికే జాబితాలో అది దొరకదు కూడా.

ఏ క్రియ రాయాలో తేలక చివరికి అమ్మమ్మకే ఫోన్ చేశాను.

"అమ్మమ్మా, ఉప్పెన రోజు మీరంతా డాబా మీదకి పరిగెత్తారా, ఎలా వెళ్ళారు?"

"పరిగెత్తడమేంట్రా? నడిచే వెళ్ళాం."

"నడిచా?"

"మధ్యాన్నం అన్నాలు కాంగానే. మీ తాతయ్య వాళ్ళమ్మ ఒకటే పోరు. గాలి తిరిగిందీ, లెండీ లెండీ అని. తుఫాన్లు మాకేం కొత్తా, అందరూ నవ్వారు. మీ తాతయ్యా విసుక్కున్నాడు. ఆవిడ నోటికి జడిసి గేదె పలుపు విప్పేసి, మీ అమ్మని చంకనేసుకుని, బియ్యం మూట పట్టుకుని నడిచి వెళ్ళాం. గాలికి నడక సాగక మధ్యలో రెండుసార్లు కూర్చున్నాం కూడా."

"మరి చిన్నమ్మమ్మ?"

చాలాసేపు ఏం మాట్లాడలేదు.

"అది పరిగెత్తింది నాన్నా," అంది.

అంతే. తరవాత అన్నం తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాను.

మా అమ్మమ్మ నోటి వెంట 'పరుగు' అన్న మాట నేను ఎప్పుడూ వినలేదని అప్పుడు తట్టింది. చిన్నప్పుడు మేం వీధిలో ఉరుకుతుంటే "నడవండ్రా, నడవండి" అని వెనకనించి కేకేసేది. పడిపోతామని భయం అనుకునేవాణ్ణి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. 1990 మే 9న మళ్ళీ మా డెల్టా మీదే అంత పెద్ద తుఫానూ తీరం దాటింది. గాలి వేగం 1977తో పోల్చదగ్గదే. పోయినవాళ్ళు వెయ్యి లోపు. వెయ్యి తక్కువని కాదు, ప్రతి ఒక్కరూ ఎవరికో చిన్నమ్మమ్మే. కానీ పదివేలకీ వెయ్యికీ మధ్య ఉన్న తేడా ఎక్కడినించి వచ్చింది? జనం కాళ్ళకి ఆ పదమూడేళ్ళలో వేగం పెరగలేదు. ముందే తెలుసుకుని, లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే కదిలించారు. 1977 తరవాత తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు ఊళ్ళదాకా చేరే ఏర్పాట్లు మెరుగుపడ్డాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పంటలు పోయి రైతులు ఏడ్చారు గానీ, దివిసీమలో శవాలు లెక్కపెట్టే పరిస్థితి రాలేదు.

ఆ పనికి తెలుగులో వాడే క్రియ 'తరలించడం'. పేపర్లో ప్రతి తుఫానుకీ వస్తుంది, లోతట్టు ప్రాంతాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు అని. ఎంత నీరసంగా ఉంటుందో ఆ వాక్యం. తరలడంలో వేగం లేదు. దాని ముందు గబగబా పెట్టలేం, తుర్రున అసలే పెట్టలేం. పెళ్ళివారు తరలివెళ్తారు, ఊరేగింపు తరలివెళ్తుంది. కానీ ఈ జాబితాలోని క్రియలన్నిటినీ వరసగా నిలబెడితే, మా వైపు ఎక్కువమంది ప్రాణాలు కాపాడింది ఇదే. పరుగు ఎప్పుడూ ఆలస్యం అయినవాడి క్రియ. ముందే తెలిసినవాడు, తెలిసింది నమ్మినవాడు, నవ్వినా పట్టించుకోనివాడు నడుస్తాడు.

ఉప్పెనలో పరిగెత్తినవాళ్ళది తప్పని అంటున్నానని మాత్రం అనుకోకండి. చిన్నమ్మమ్మకి ముందే పోరు పెట్టే అత్తగారు లేదు, అంతే తేడా. ఊరు మొత్తానికి అలా పోరు పెట్టాల్సిన పని ప్రభుత్వానిది. దాని విలువ పదివేల ప్రాణాలు పోయాక గానీ తెలిసి రాలేదు.

మన ఉద్యోగాల్లోకి ఈ సంగతి లాక్కొచ్చి నీతి చెప్పడం నాకు ఇష్టం లేదు. బిల్డు పగిలితే ఎవరూ చావరు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. రోజూ ఇరవై సార్లు వేగం మాటలు వాడతాం. త్వరగా, ఇవాళే, అర్జెంటు, ఫాస్ట్ ట్రాక్. వేగమే ఒక సుగుణం అన్నట్టు అలవాటు చేసుకున్నాం. అందుకే తుఫాను పేరు పెడితే బాగుంటుందని ఒకళ్ళకి తోచింది, మిగతావాళ్ళం నవ్వాం. అందులో వాళ్ళ చెడుతనమేం లేదు. ఆ వేగం అవతలి వైపు నిలబడి చూసినవాళ్ళు వాళ్ళ ఇళ్ళల్లో లేరు, మా ఇంట్లో ఉన్నారు.

మెయిల్ చివరికి పంపాను. నాలుగు వాక్యాలు. 1977లో ఒక తుఫాను వచ్చింది, దానికి పేరు లేదు. నీళ్ళు పరిగెత్తుకొచ్చాయి. మా అమ్మమ్మ చెల్లెలు పరిగెత్తింది. మా అమ్మమ్మ నడిచి వెళ్ళింది, అందుకే నేనున్నాను. ఇంగ్లీషులో రాసినా ఇంతే, రెండే క్రియలు, ఒకటో తరగతి పిల్లలకి తెలిసినవి. నేను బట్టీ కొట్టిన కార్డుల్లోంచి ఒక్కటీ అక్కర్లేకపోయింది.

పావుగంటకి మా లీడ్ నించి జవాబొచ్చింది, పేర్లు మార్చేద్దాం అని. తుఫాను ఐడియా ఇచ్చిన అబ్బాయి సాయంత్రం కాఫీ దగ్గర వచ్చి పక్కన నించున్నాడు, ఏం మాట్లాడకుండా. వాళ్ళది ఒడిశా తీరమని, 1999లో వాళ్ళ ఊళ్ళోకీ నీళ్ళొచ్చాయని, అప్పటికి తనకి రెండేళ్ళని చివర్లో చెప్పాడు. ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడరట. ఇళ్ళల్లో లేరు అని పైన రాశాను చూశారా, అది తప్పు. తీసెయ్యకుండా అలాగే ఉంచుతున్నాను.

ఇప్పుడు స్ప్రింట్లకి మిఠాయిల పేర్లు. మొదటిది బందరు లడ్డు, నా కోటా. రెండోది ఛెనాపోడా, అతనిది.

మీ వైపు వేగానికి ఏ మాటలున్నాయో చెప్పండి. తెలంగాణలో ఉరుకు అంటే పరిగెత్తడం, మా వైపు పాతవాళ్ళకి ఉరకడమంటే దూకడం. అక్కడ "ఉరుకు" అంటే మా తాతమ్మ తరం మనిషి కాలవలో దూకేసి ఉండేది! ఇలాంటివి మీ ఇళ్ళల్లో ఇంకా ఉంటాయి. పెద్దవాళ్ళున్నప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. వాళ్ళు ఏ మాట వాడతారో రాసుకోండి, ఏ మాట వాడరో కూడా గమనించండి.